హైబీపీ: బిళ్ల మానేస్తే ఏమవుతుంది? దుత్తలూరు నుంచి నెల్లూరు దాకా వంద కిలోమీటర్ల లెక్క

దుత్తలూరు: ప్రతి నెలా ఒకటో తేదీ వచ్చిందంటే సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వెళ్లి ఎన్టీఆర్ భరోసా పింఛన్లు ఇస్తారు. వృద్ధులకు, వితంతువులకు 4 వేలు. దివ్యాంగులకు 6 వేలు. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు 10 వేలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15 వేలు. 2024 జులై నుంచి అమలవుతున్న ఈ పట్టికలో అన్నింటికంటే పెద్ద మొత్తం మంచం పట్టిన మనిషిదే.

ఇప్పుడు ఇంకో లెక్క చూద్దాం. అధిక రక్తపోటుకు, అంటే హైబీపీకి, డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో అమ్లోడిపిన్ ఒకటి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం. జన ఔషధి దుకాణంలో కొన్నా రోజుకు రూపాయి దాటదు. పక్షవాతానికీ, కిడ్నీ దెబ్బతినడానికీ ఉన్న పెద్ద కారణాల్లో హైబీపీ ముందు వరుసలో ఉంటుంది. పక్షవాతాలన్నీ బీపీ వల్లే రావు. కానీ ఆపగలిగిన కారణాల్లో అన్నింటికంటే పెద్దది ఇదే.

ఒకవైపు రోజుకు రూపాయి ఖర్చు, మరోవైపు నెలకు 15 వేల పింఛను. ఆ 15 వేలు వచ్చినా పోయిన చెయ్యి తిరిగి రాదు. చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరు పని మానుకోవాల్సిందే. మరి పరీక్ష ఇంటి ముందుకే వస్తున్నా, మందు ఊరికే దొరుకుతున్నా ఎక్కడ తప్పుతోంది? ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతానికి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ జరగరానిది జరిగితే పెద్దాసుపత్రి పక్క వీధిలో ఉండదు.

అసలు బీపీ అంటే ఏంటి?

బోరు మోటారు, డ్రిప్పు పైపులు వాడే రైతుకు ఇది చెప్పడం తేలిక. మోటారు గుండె అనుకుంటే, పైపులు రక్తనాళాలు. నీళ్లు పారాలంటే ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే మొదట్లో ఏమీ తెలియదు. నీళ్లు బాగానే పారుతుంటాయి. కానీ కొన్నేళ్లకు ఒక జాయింటు దగ్గర పైపు పగులుతుంది, ఇంకో చోట పూడుకుపోతుంది. మోటారు మీద భారం పడి అది కూడా పాడవుతుంది. ఒంట్లో జరిగేదీ ఇంచుమించు ఇదే.

బీపీ చూసినప్పుడు రెండు అంకెలు చెబుతారు. పై అంకె గుండె కొట్టుకున్నప్పటి ఒత్తిడి. కింద అంకె గుండె మళ్లీ నిండే సమయంలో ఉండే ఒత్తిడి. 120/80 లోపు ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 లేదా కింద అంకె 90, ఆపైన వస్తుంటే దాన్ని హైబీపీ అంటారు. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమాలు పాటిస్తున్న కొలత ఇదే. అమెరికాలోని గుండె వైద్య సంఘాలు 2017 నుంచి 130/80 దాటితేనే హైబీపీ కింద లెక్కేస్తున్నాయి.

పల్లెల్లో పాత లెక్క ఒకటి ఇంకా తిరుగుతోంది. వయసుకు వంద కలిపితే వచ్చేదే నార్మల్ బీపీ అని! అరవై ఏళ్ల మనిషికి 160 ఉన్నా ఫర్వాలేదని దాని అర్థం. ఇది తప్పు. వయసుతో బీపీ పెరగడం చాలామందిలో కనిపించేదే, కానీ పెరిగినంత మాత్రాన అది ప్రమాదం లేనిది అయిపోదు. 40 నుంచి 69 ఏళ్ల వయసు వారిలో పై అంకె ప్రతి 20 పాయింట్లు పెరిగేకొద్దీ పక్షవాతంతో, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని లక్షల మంది వివరాలను కలిపి చూసిన అధ్యయనం 2002లోనే తేల్చింది.

'నాకేం లేదు, బాగానే ఉన్నా'

బీపీతో వచ్చే చిక్కంతా ఈ మాటలోనే ఉంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. పన్ను పాడైతే నొప్పి పుడుతుంది. బీపీకి అలాంటిది ఏమీ ఉండదు. చాలామందికి తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. పొద్దున్నే లేచి ఉపాధి పనికి వెళ్తారు, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుంటారు, మేకల వెంట కొండ ఎక్కుతారు. బీపీ 170 ఉన్నా ఇవన్నీ చేయగలరు. అందుకే నమ్మరు.

లోపల మాత్రం పని జరిగిపోతుంటుంది. మెదడులో సన్నటి నాళం పూడుకుపోయినా, పగిలినా పక్షవాతం వస్తుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుంటే గుండెపోటు. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు కొట్టీ కొట్టీ గుండె కండరం మందమై, చివరకు నీరసించిపోతే ఆయాసం, కాళ్ల వాపు. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాలు దెబ్బతింటే ముందు మూత్రంలో ప్రొటీన్ పోతుంది, తర్వాత క్రియాటినిన్ పెరుగుతుంది. కిడ్నీ పాడైతే బీపీ ఇంకా పెరుగుతుంది. ఆ బీపీ కిడ్నీని ఇంకా పాడు చేస్తుంది. కంటి వెనక పొర కూడా దెబ్బతింటుంది. షుగరు కూడా ఉన్నవారిలో ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది.

గర్భిణులకు ఇది మరో రకం ప్రమాదం. అయిదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైతే అది ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. తల్లికీ, బిడ్డకూ ఇద్దరికీ ముప్పే. ప్రతి నెలా చెకప్‌లో బీపీ చూసేది అందుకే. బీపీకి ముందు నుంచే బిళ్లలు వాడుతున్న మహిళ గర్భం దాల్చితే డాక్టరుకు వెంటనే చెప్పాలి. టెల్మిసార్టాన్ లాంటివి గర్భంలో వాడకూడదు, వాటి బదులు వేరేవి ఉన్నాయి.

ఒకప్పుడు ఈ రోగానికి చెప్పుకోదగ్గ మందే లేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో నాళం చిట్లి చనిపోయారు. వయసు 63. ఆ రోజు ఆయన బీపీ 300 పైన ఉన్నట్లు డాక్టరు రాసుకున్నారు. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన బీపీ అది. పక్కనే డాక్టర్లు ఉన్నా చేయగలిగింది పెద్దగా లేదు. అంతటి మనిషికి దొరకని బిళ్ల ఇవాళ ఏ మండల కేంద్రంలోని మందుల షాపులోనైనా దొరుకుతోంది. అది దొరికీ వాడకపోవడమే ఇప్పటి సమస్య.

వందలో పదిహేను మందికే అదుపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో హైబీపీ మీద తన తొలి ప్రపంచ నివేదిక విడుదల చేసింది. అందులో మన దేశం లెక్క ఇలా ఉంది. 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసులో హైబీపీ ఉన్నవారు దాదాపు 18.8 కోట్ల మంది. వీరిలో తమకు బీపీ ఉందని తేలినవారు 37 శాతం. మందు వాడుతున్నవారు 30 శాతం. బీపీ నిజంగా అదుపులో ఉన్నవారు 15 శాతం.

ఈ మూడు అంకెలను ఒక ఊరికి అన్వయించి చూస్తే విషయం తేటపడుతుంది. ఊళ్లో బీపీ ఉన్నవారు వంద మంది అనుకుంటే, 63 మందికి ఉన్నట్టే తెలియదు. తెలిసిన 37 మందిలో ఏడుగురు మందు వాడటం లేదు. వాడుతున్న 30 మందిలోనూ సగం మందికి అదుపు లేదు.

ఆంధ్రప్రదేశ్ పరిస్థితి దేశ సగటు కంటే మెరుగ్గా ఏమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో దాదాపు 25 శాతం, పురుషుల్లో 29 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. దేశ సగటు మహిళల్లో 21, పురుషుల్లో 24 శాతం. అంటే ఇది ముసలివాళ్ల రోగం, పట్నం వాళ్ల రోగం అనే మాట ఎప్పుడో పాతబడింది.

గోదావరి పల్లెలు ముందే చెప్పాయి

ఈ సంగతి మన రాష్ట్రంలోనే ఇరవై ఏళ్ల కిందట బయటపడింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో, 2003-04లో ఏడాది పాటు జరిగిన మరణాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరుతో ఈ పని జరిగింది. మొత్తం 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారన్న అంచనా అక్కడితో తలకిందులైంది.

తర్వాత అదే ప్రాంతంలో ఇంకో ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఇంటికి వెళ్లి బీపీ చూడటం, గుండె జబ్బు ముప్పు ఎంతుందో ట్యాబ్‌లో లెక్కకట్టడం, ముప్పు ఎక్కువున్న వారిని డాక్టరు దగ్గరకు పంపడం వాళ్ల పని. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆశాలు పని బాగానే చేశారు. జనాన్ని మళ్లీ మళ్లీ కలిశారు. కానీ బీపీ అదుపులోకి వచ్చిన వారి శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ట్యాబ్ ఉన్నచోట, లేనిచోట దాదాపు ఒకేలా ఉంది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే. ఎవరికి బీపీ ఉందో కనిపెట్టడం మొదటి మెట్టు మాత్రమే. మందు చేతికి రావడం, రోజూ వేసుకోవడం, తగ్గకపోతే మోతాదు మార్చడం, ఇవి జరగకపోతే పరీక్ష కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది.

బిళ్ల ఎందుకు ఆగిపోతోంది?

మొదటి కారణం, నార్మల్ వచ్చిందనే సంతోషం. రెండు నెలలు బిళ్ల వేసుకున్నాక బీపీ 130/80 వస్తుంది. 'తగ్గిపోయింది కదా, ఇంకెందుకు' అని ఆపేస్తారు. తగ్గింది రోగం కాదు, అంకె. బిళ్ల పనిచేస్తోంది కాబట్టే ఆ అంకె వచ్చింది. ఆపేస్తే చాలామందిలో కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో మళ్లీ పాత చోటికే వెళ్తుంది. అటెనొలాల్ లాంటి కొన్ని బిళ్లలను ఉన్నట్టుండి ఆపడం గుండె జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం.

రెండోది భయం. 'ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలంట, అలవాటైపోతుందంట' అని. బీపీ బిళ్ల మత్తుమందు కాదు, అలవాటు పడటానికి. రోజూ వాడాల్సి వస్తుంది అన్నది నిజమే. ఉప్పు, బరువు, పొగ, మద్యం తగ్గించుకున్న కొందరికి డాక్టర్లు మోతాదు తగ్గించడమూ ఉంది. అయితే అది డాక్టరు చూసి చేసే పని.

మూడోది ఇబ్బందులు. అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఎనాలాప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుని మానేస్తారు. చెబితే వేరే మందు ఇస్తారు. బీపీకి ఒకటి కాకపోతే ఇంకొకటి పనిచేసే మందులు అయిదారు రకాలున్నాయి.

నాలుగోది, మందు అందకపోవడం. ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మొదలైంది. 104 వాహనంతో డాక్టరు ఊరికి వచ్చి బీపీ, షుగరు ఉన్నవారిని చూసి మందులు ఇవ్వడం అందులో ప్రధానం. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం, మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ ఉంటారు. ఏర్పాటు మంచిదే. కానీ బండి వచ్చిన రోజు మనిషి పొలంలోనో, కూలికి వేరే ఊళ్లోనో ఉంటే ఆ నెల బిళ్లలు చేతికి రావు. పది రోజులకే మందు ఇచ్చి పంపినా, స్టాకు లేక రెండు రకాల్లో ఒకటే ఇచ్చినా అంతే. కూలి పోగొట్టుకుని బిళ్లల కోసం మండల కేంద్రానికి రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ.

మెట్టకు మాత్రమే ఉన్న చిక్కులు

ఉదయగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఏళ్ల తరబడి ఉన్నదే. పక్కనే ఉన్న కనిగిరిదీ అదే కథ. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల పాటు తాగితే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. దానికి తోడు ఎండలో వంగి చేసే పని. నొప్పి తట్టుకోలేక జనం నొప్పి బిళ్లలకు, సూదులకు అలవాటు పడతారు. ఆర్ఎంపీ దగ్గరో, కిరాణా కొట్టులోనో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి వాడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది. పైగా కొన్ని బీపీ మందుల పనితనాన్ని ఇవి తగ్గిస్తాయి. కిడ్నీని నేరుగానూ దెబ్బతీస్తాయి. పొద్దున బీపీ బిళ్ల, రాత్రి నొప్పి బిళ్ల వేసుకుంటే ఒకటి కడుతున్న గోడను ఇంకొకటి కూలుస్తున్నట్టే. బీపీ ఉన్నవారు నొప్పికి ఏది వాడుతున్నారో డాక్టరుకు చెప్పి తీరాలి.

రెండోది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూను. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షలతో చేసిన అధ్యయనంలో సగటున 9 గ్రాములు దాటింది. కూరలో వేసేది మాత్రమే లెక్క కాదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఎండు చేపలు.. మెట్టలో కూర లేని పూట పచ్చడే కూర. మజ్జిగలో మళ్లీ ఉప్పు. పచ్చడి పూర్తిగా మానమంటే ఎవరూ మానరు. రోజూ మూడు పూటలా తినేదాన్ని ఒక పూటకు తగ్గించినా, మజ్జిగలో ఉప్పు మానేసినా లెక్కలో తేడా వస్తుంది.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కూడా ఇప్పుడు దొరుకుతోంది. చైనాలో 600 గ్రామాల్లో, దాదాపు 21 వేల మంది మీద చేసిన ప్రయోగంలో ఈ ఉప్పు వాడినవారిలో పక్షవాతాలు 14 శాతం తగ్గినట్టు 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ బిళ్లలు వాడేవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదు. పొటాషియం పెరిగితే గుండెకు ప్రమాదం.

మూడోది పొగాకు. డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు పంట పంపే ప్రాంతమిది. పండించేవారందరూ తాగుతారని కాదు. కానీ బీడీ, చుట్ట, నమిలే పొగాకు ఇక్కడ వింత కాదు. బీపీకి పొగాకు తోడైతే నాళాలు పూడుకుపోవడం ఇంకా వేగంగా జరుగుతుంది.

నాలుగోది, అన్నింటికన్నా పెద్దది, దూరం.

నాలుగున్నర గంటలు.. వంద కిలోమీటర్లు

పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు నాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవి. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇవ్వడానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. నాళం పూడుకుపోయిందా, పగిలిందా అన్నది స్కాన్ చూస్తేనే తెలుస్తుంది. పగిలిన మనిషికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు.

దుత్తలూరు నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. దారి బాగుండి, బండి వెంటనే దొరికినా రెండు గంటలు పడుతుంది. పొద్దున నాలుగింటికి చెయ్యి పడిపోతే ఇంట్లో వాళ్లు తేరుకోవడానికి కొంత సేపు, తెలిసిన ఆర్ఎంపీని పిలవడానికి కొంత సేపు, 'ఒకసారి ఆకు పసరు మందు చూద్దాం' అనుకుంటే అరపూట. నెల్లూరు చేరేసరికి నాలుగున్నర గంటలు ఎప్పుడో దాటిపోతాయి. పట్నంలో ఉన్న మనిషికి రెండో అవకాశం ఉంటుంది. మెట్టలో ఉన్న మనిషికి ఆ అవకాశం చాలా సన్నం. అందుకే ఇక్కడ పక్షవాతానికి నిజమైన వైద్యం ముందుగా వేసుకునే బీపీ బిళ్లే.

అయినా గుర్తులు తెలిసి ఉండాలి. నవ్వమంటే మూతి ఒకవైపుకు పోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందకు జారిపోవడం, మాట ముద్దగా రావడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా 108కు ఫోన్ చేసి, ఎన్నింటికి మొదలైందో టైము గుర్తుపెట్టుకోవాలి. నోట్లో నీళ్లు, మందు, పసరు ఏవీ పోయకూడదు. కాసేపటికి తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

బీపీ చూసే పద్ధతిలోనే తప్పులు

శిబిరంలో వరుసలో నిలబడి, ఎండలో నడిచొచ్చి, మాట్లాడుతూ చూపించుకుంటే అంకె ఎక్కువ రావచ్చు. చూపించుకునే ముందు అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి. రెండు సార్లు చూసి, ఆ అంకెలు రెండూ పుస్తకంలో రాయించుకోవాలి. 180/120 దాటి, దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం ఉంటే అది ఎమర్జెన్సీ.

లెక్క మారితేనే ఫలితం

దేశంలో 2017 నవంబరులో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం తొలి దశలో తెలంగాణతో పాటు పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలోని 25 జిల్లాల్లో అమలైంది. ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య శాఖలు కలిసి నడిపాయి. 2022లో దీనికి ఐక్యరాజ్య సమితి అవార్డు వచ్చింది. ఇందులో కొత్త మందు ఏదీ లేదు. డాక్టరుకొక మందు కాకుండా అందరికీ ఒకే వరుస. ఇంటి దగ్గరి కేంద్రంలోనే నెల రోజుల మందు. రాని వారికి ఫోన్ చేసి పిలవడం. అన్నింటికన్నా ముఖ్యంగా, ఎంతమందికి బీపీ చూశాం అని కాకుండా, నమోదైన వారిలో ఎంతమందికి అదుపులో ఉంది అని లెక్కించడం. ఆ కార్యక్రమంలో చేరిన వారిలో దాదాపు సగం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. దేశ సగటు 15 శాతం అని గుర్తుంచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

మెట్టకు కావాల్సిన మార్పు కూడా అదే. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు వేలమంది వస్తారు. అక్కడ ఒక శిబిరం పెట్టి వెయ్యి మందికి బీపీ చూడటం ఎవరైనా చేయగలరు. ఫొటోలు కూడా బాగా వస్తాయి. ఆ వెయ్యి మందిలో బీపీ ఉందని తేలిన వారు ఆరు నెలల తర్వాత బిళ్ల వేసుకుంటున్నారా, వారి అంకె 140/90 లోపు ఉందా అన్నదే అసలు ప్రశ్న. ప్రతి హెల్త్ క్లినిక్ ముందు బోర్డు మీద 'ఈ ఊళ్లో బీపీ ఉన్నవారు ఇంతమంది, అదుపులో ఉన్నవారు ఇంతమంది' అని రెండే అంకెలు రాసిపెడితే ఊరికీ, అధికారులకూ పరిస్థితి అర్థమవుతుంది. వలస వెళ్లేవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం, ఒకటో తేదీన పింఛను ఇచ్చే ఇంట్లోనే బిళ్లల సంగతి ఒక మాట అడగడం పెద్ద ఖర్చు లేని పనులు.

ఇంట్లో వాళ్ల చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారైనా బీపీ చూపించడం. బిళ్లల పట్టీని రోజూ కనపడే చోట, టీ గ్లాసుల పక్కనో, దేవుడి గూట్లోనో పెట్టడం. 'బిళ్ల వేసుకున్నావా నాయనా, వేసుకున్నావా అమ్మా' అని రోజుకొకసారి అడగడం. పై అంకె అయిదు పాయింట్లు తగ్గితేనే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద దెబ్బల ముప్పు పది శాతం దాకా తగ్గుతుందని మందులపై జరిగిన పెద్ద పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ 2021లో చెప్పింది. అయిదు పాయింట్లు అంటే ఒక బిళ్లకు అందే దూరమే.

పక్షవాతం వచ్చాక ఇచ్చే 15 వేలు ఆ కుటుంబానికి ఆసరా. అది ఉండాల్సిందే. కానీ ఆ జాబితాలోకి కొత్త పేరు ఎక్కకుండా చూసే బిళ్ల ఊళ్లోనే, ఉచితంగా ఉంది. అది నెల నెలా చేతికి అందుతోందా, అందింది రోజూ నోట్లోకి వెళ్తోందా అన్నదాని మీదే మెట్టలో చాలా ఇళ్ల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం ఏదైనా డాక్టరును సంప్రదించాకే చేయాలి.)